సింగపూర్ నుంచి రెండు గంటలే

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. రోజూ చీకటితో లేచి ఒంటరిగా కొట్టంలో పాలు పితికేదానికి భయపడే తీరిక ఎక్కడిది? తమిళనాడు ధర్మపురి పక్కనున్న మా సోగత్తూరులో ఎవరైనా అలాంటి కథలు చెబితే ఆటపట్టించి వదిలేదాన్ని. ఇప్పుడు నా సంగతే చెప్పుకోవాల్సి వచ్చింది.

మా ఆయన సింగపూర్‌లో కట్టడం పని చేస్తాడు. పోయిన ఏడాది, రెండేళ్ల తర్వాత సెలవు మీద వస్తూ టికెట్టు ఫోన్లో పంపాడు. అక్కడ ఏడున్నరకు బయలుదేరి బెంగళూరులో తొమ్మిదిన్నరకు దిగుతుందని ఉంది. రెండు గంటలే! ధర్మపురి నుంచి బెంగళూరుకు బస్సులోనే అంతకన్నా ఎక్కువ పడుతుంది. సింగపూర్ ఇంత దగ్గరా అని మురిసిపోయాను.

ఆ రోజు పొద్దున ఐదింటికే విమానం కదులుతోందని ఆయన మెసేజ్ వచ్చింది. ముందుగానే బయలుదేరినట్టుంది అనుకున్నాను. ఐదుకు రెండు కలిపితే ఏడు, బస్సుకు మూడు గంటలు, పదింటికి ఇంట్లో ఉంటాడు. ఈ లెక్క మనసులోనే వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా పదింటికి వచ్చాడు. నేను ఆవుకు మేత వేస్తున్నాను. నీలం చొక్కా, చేతిలో సంచి లేదు. తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని, నా వైపు చూసి తలూపాడు. ఆయన చేతి మేతకు అలవాటుపడిన ఆవు, పలుపు తెగేలా వెనక్కి గుంజింది. రెండేళ్లలో మరిచిపోయింది పాపం అనుకున్నాను. ఆయన గదిలోకి వెళ్లాడు. నేను సంతోషం పట్టలేక మజ్జిగ కలపడానికి వంటింట్లోకి పరుగెత్తాను.

ఫోన్ మోగింది. మా ఆయన గొంతు.

"ఏమే, ఇప్పుడే ఏర్‌పోర్టు నుంచి బయటికి వచ్చినాను. కొంజెం లేటయింది. బస్సుకు నిలబడుండాను."

అదే సమయంలో పక్క గదిలో మంచం కిర్రుమంది.

"మీరేనా?" అన్నాను.

"నేను కాక ఇంకెవరే?"

ఫోన్లో ఉన్నది నా మొగుడా, మంచం మీద ఉన్నది నా మొగుడా? ఫోన్ చేతిలో పట్టుకునే తలుపు దాకా వెళ్లి చూశాను. గదిలో ఎవరూ లేరు. తడి పాదాల గుర్తులు గడప దాటి మంచం దాకా ఉన్నాయి. తిరిగి వచ్చిన గుర్తులు లేవు. ఆ గదికి ఇంకో తలుపు కూడా లేదు.

మధ్యాహ్నం రెండున్నరకు ఆయన వచ్చేదాకా వీధిలోనే నిలబడ్డాను. వచ్చినప్పుడు ఆయన మొహం కన్నా ముందు ఆవును చూశాను. దగ్గరికి పోగానే అది ఆయన చెయ్యి నాకింది. అప్పుడు భోరున ఏడ్చాను.

సాయంత్రం ఆయన వివరంగా చెప్పాడు. దూరం మూడు వేల కిలోమీటర్ల పైమాటే, విమానానికి నాలుగున్నర గంటలు పడుతుంది. వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది కాబట్టి టికెట్టులో రెండు గంటల్లా కనిపిస్తుంది.

"ఏడింటికి మేము ఇంకా సముద్రం మీద ఉండాము. పదింటికి ఇంటికి ఎట్ల వస్తానే?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ వచ్చింది ఎవరైనా, నేను తప్పుగా వేసుకున్న లెక్కకు సరిగ్గా వచ్చింది. ఆ లెక్క నా మనసులో తప్ప ఎక్కడా లేదు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చే నెల ఆయన మళ్లీ వస్తున్నాడు. టికెట్టు పంపొద్దన్నాను, ఏ పూటకు వస్తారో కూడా చెప్పొద్దన్నాను. అయినా పనిలో ఉండగా మనసు దానంతట అదే లెక్క మొదలుపెడుతుంది. అది పూర్తికాకముందే ఆవుతో గట్టిగా ఏదో ఒకటి మాట్లాడతాను.