నా తొంభై ఏడు మార్కుల ఫ్రెంచి

ఇందులో నా ఉద్యోగం ఊడినంత పనవుతుందని ముందే చెప్పేస్తున్నాను. గుండె దిటవు లేనివాళ్లు, ముఖ్యంగా ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజీగా ఫ్రెంచి తీసుకున్నవాళ్లు, మంచినీళ్లు దగ్గర పెట్టుకుని మరీ చదవండి.

మాది కాకినాడ. పక్కనే యానాం, పరాసువాళ్లు, అంటే ఫ్రెంచివాళ్లు, ఎంతోకాలం ఏలిన ఊరు. అయినా మా కుర్రకారుకు యానాం అంటే చవకగా దొరికే సీసాలే గుర్తొచ్చేవి కాని, భాష కాదు. మరి నాకు ఫ్రెంచి ఎక్కడ అబ్బిందంటారా? కాలేజీలో చేరేనాడు, గుమాస్తా కిటికీ దగ్గర.

"తెలుగా, సంస్కృతమా, ఫ్రెంచా?" అని అడిగాడాయన.

"తెలుగండి," అన్నాను.

"ఎందుకు బాబూ! ఛందస్సనీ, సమాసాలనీ పదిహేను మార్కులు ఊరికే పోతాయి. సంస్కృతం నిండిపోయింది. ఫ్రెంచి రాసేయనా?"

"రాసేయండి," అన్నారు మా నాన్న, నేను నోరు తెరిచేలోపే.

రెండేళ్లూ లెక్చరర్‌గారిచ్చిన 'ఇంపార్టెంట్' ప్రశ్నలే బట్టీ పట్టాను. అందులో రెండు ఉత్తరాలుండేవి. ఒకటి స్నేహితుణ్ణి పుట్టినరోజుకు పిలవడం, రెండోది వాళ్లింట్లో ఎవరో పోతే పరామర్శించడం. రెండూ 'మోన్ షేర్ అమీ', అంటే 'ప్రియ మిత్రమా', అనే మొదలవుతాయి, రెండూ ఒకేలా ముగుస్తాయి. మధ్యలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి. తొంభై ఏడు మార్కులొచ్చాయి. పుస్తకం పాతపేపర్లవాడికి వేసేశాం.

మార్కులు మాత్రం నా రెజ్యూమెలో ఉండిపోయాయి. 'వచ్చిన భాషలు: ఇంగ్లీషు, హిందీ, తెలుగు, ఫ్రెంచి.' మండపానికి నాలుగు స్తంభాలుండాలి కదండీ! ఆ మండపంతోనే సింగపూర్‌లో ఓడల సరుకుకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో చేరాను. ఆరునెలల ప్రొబేషన్. కన్ఫర్మ్ చేస్తే ఉంటాను, లేకపోతే వర్క్ పాస్ రద్దయి పెట్టె సర్దుకోవాలి. అయిదో నెలలో మా మేనేజర్ టాన్ నా సీటు దగ్గరికి వచ్చాడు.

"మూర్తీ, నీకు ఫ్రెంచ్ వచ్చు కదా?"

"వచ్చు సార్... కొంచెం."

"గుడ్ లా! గురువారం సెనెగల్ నుంచి మన కొత్త క్లయింట్ మదాం ఆవా వస్తున్నారు. లంచ్‌లో నువ్వే ఫ్రెంచ్‌లో వెల్కమ్ చెప్పు. ఆవిడ కాంట్రాక్ట్ మీద సంతకం పెడితే నీ కన్ఫర్మేషన్ కూడా ఈజీ లా." ఇక్కడ ఎవరు ఏ మాటన్నా చివర ఈ 'లా' అనే తోక ఉంటుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులో పీకలదాకా దిగి సబ్బుకోసం వెతుక్కుంటున్నాను.

హౌగాంగ్‌లో నాకు గది అద్దెకిచ్చిన సరోజ ఆంటీకి ఆ సాయంత్రమే చెప్పుకున్నాను. ఆవిడ పుట్టింది మలేసియాలో, ఒక రబ్బరుతోటలో. ఆంధ్రదేశం ఎప్పుడూ చూడలేదు.

"రాదని చెప్పేయ్ లా, అయిపోయె! దీనికెందుకు ఇంత బాధ? ముందు వచ్చి మకాన్ చెయ్యి, కూర చల్లారిపోతా ఉంది," అన్నారు.

మకానంటే మలయ్‌లో భోజనం. అది చేశాను గాని సలహా మింగుడుపడలేదు. గురువారం ట్రైన్‌లో ఫోను తెరిచి ఫ్రెంచి చరిత్ర చదువుకున్నాను. లాటిన్‌కు పుట్టిన పిల్లల్లో ఒకటట. పారిస్ చుట్టుపక్కల మాట రాజుగారి మాటైంది, రాజుగారి మాట చుట్టుపక్కల యాసలన్నిటినీ అణచి దేశభాషైంది. ఆపైన యూరప్ రాజులంతా దాన్ని నేర్చుకున్నారు, సంధిపత్రాలు అందులోనే రాసుకున్నారు. చివరికి ఓడలెక్కి ఆఫ్రికాకీ, మా యానానికీ వచ్చింది. పాస్‌పోర్టు, వీసా అనే మాటలు కూడా ఇంగ్లీషుకు అక్కణ్ణుంచే వచ్చాయట. ఆ రెండింటికోసమే కదా నా తిప్పలన్నీ!

లంచ్‌లో లేచి నిలబడ్డాను. పుట్టినరోజు ఉత్తరం ఎత్తుకున్నాను. పెళ్లికి పిలుస్తున్నవాడిలా చేతులు చాచి, ముప్పైరెండు పళ్లూ కనబడేలా నవ్వుతూ, ఎక్కడా ఆగకుండా అప్పజెప్పేశాను. టాన్ చప్పట్లు కొట్టాడు. మదాం ఆవా చెంచా కింద పెట్టి ఇంగ్లీషులో అడిగారు.

"థాంక్యూ. కాని మా నాయనమ్మ సంగతి మీకెవరు చెప్పారు?"

"నా... నాయనమ్మా?"

"'మీ నాయనమ్మగారు పోయారని విని నా గుండె పగిలింది' అన్నారు కదా. అన్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు."

అంటే పుట్టినరోజుదనుకుని నేను అప్పజెప్పింది పరామర్శ ఉత్తరం! టాన్ ముఖం చూస్తే నా పెట్టె అప్పుడే విమానం ఎక్కేసినట్టుంది. ఇక దాచి లాభం లేదని గుమాస్తా కిటికీ నుంచి తొంభై ఏడు మార్కులదాకా అంతా కక్కేశాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు.

"మా నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడకు ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. మా ఇంటి భాష వోలోఫ్. మా నాన్న చదివిన బడిలో వోలోఫ్ మాట్లాడితే మెడలో చెక్కముక్క కట్టేవాళ్లు. అలా మాట్లాడే ఇంకో పిల్లాణ్ణి పట్టిచ్చేదాకా అది దిగేది కాదు. ఫ్రెంచ్ మాకు అలా వచ్చింది. ఇప్పుడది మాదే అనుకోండి. అందులో బేరాలాడతాం, పోట్లాడుకుంటాం. ఫ్రాన్స్‌లోకంటే ఆఫ్రికాలోనే దాన్ని ఎక్కువమంది మాట్లాడుతున్నారు. కాని ఆవిడ పోయిననాడు ఇంటిల్లిపాదీ వోలోఫ్‌లోనే ఏడ్చాం." నా వైపు తిరిగారు. "మరి మీ మెడలో చెక్క ఎవరు కట్టారు?"

ఎవరూ కట్టలేదు. పదిహేను మార్కులకోసం నేనే కట్టుకున్నాను. సిగ్గేసింది.

"సరే, మీ భాషలోనే స్వాగతం చెప్పండి," అన్నారావిడ.

హమ్మయ్య, ఇది నా ఇలాకా అనుకుని మళ్లీ లేచాను. "మదాం ఆవాగారికి మా టీమ్ తరఫున హార్టీ వెల్కమ్! మీ విజిట్ వల్ల మేమందరం చాలా హ్యాపీ. ఈ పార్ట్‌నర్‌షిప్..."

"ఆగండాగండి. ఇంగ్లీషు నాకూ వచ్చు. నేనడిగింది మీ భాష."

పార్ట్‌నర్‌షిప్‌కు తెలుగు మాట తట్టక కుర్చీలో కూలబడ్డాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడి రచ్చకెక్కాను. నాయనమ్మ పోయిందన్నప్పుడు కూడా ఇంత బాధపడలేదు, నిజం.

ఆవిడ సంతకం పెట్టే వెళ్లారు. లిఫ్టు దగ్గర టాన్ నా భుజం తట్టాడు.

"నిన్ను కన్ఫర్మ్ చేస్తాను. నిజం ఒప్పుకున్నావు కాబట్టి. కాని ఇంకెప్పుడూ క్లయింట్ల ఫ్యామిలీలో ఎవర్నీ చంపకు లా!"

ఇంటికొచ్చి ఆంటీకి చెబితే పడీపడీ నవ్వారు. "తొంభై ఏడా! మా తోట బళ్లో తెలుగులో నాకు అరవై దాటలేదు లా!" అని, ఆ అరవై మార్కుల తెలుగులో నన్ను అరగంట చీవాట్లు పెట్టారు. చివర్లో 'లా' తప్ప ఒక్క పరాయి మాట దొర్లలేదు.

కావున పాఠక మహాశయులారా, పోయిన ఆ నాయనమ్మగారి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఏ భాషలో నాకు తిట్టడం, ఏడవడం చేతకాదో, దాన్ని ఈ జన్మలో 'వచ్చిన భాషలు' అనే వరుసలో రాయను. మర్నాడే రెజ్యూమె తెరిచి ఫ్రెంచి కొట్టేశాను. తెలుగు దగ్గరికి వచ్చి దాన్నీ కొట్టేయబోయాను. చివరికి దాని పక్కన 'నేర్చుకుంటున్నాను' అని రాశాను.