పక్కింటి అంకుల్ నేర్పిన ఆరు గీతలు

మా అత్తగారు పంచాంగం తెరిచినప్పుడల్లా వెక్కిరించిన మనిషిని నేను. వర్జ్యం పోయాక విమానం ఎక్కండి అని ఆవిడ అంటే, ఆ సంగతి పైలట్‌కి కూడా ఒక మాట చెప్పమన్నాను. అలాంటివాణ్ణి పోయిన చలికాలం మొదట్లో, ఈ పరాయి దేశంలో మేముండే పాపకూర అనే ఊళ్ళో, మా పక్కింటి చైనా అంకుల్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. భయమేసింది, అందుకే కూర్చున్నాను.

మా ఆవిడ రొమ్ములో గడ్డ కనిపించింది. బయాప్సీ చేసి, రిజల్ట్ రాగానే ఫోన్ చేస్తామన్నారు. ఆమె మామూలుగానే ఉద్యోగానికి వెళ్ళొస్తోంది, లంచ్ బాక్సులు కడుగుతోంది, సీరియల్ చూస్తోంది. నాకే ముద్ద దిగడం లేదు. ఆమె దగ్గినా నా గుండె జారిపోయేది. క్యాన్సర్ అన్న మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

అంకుల్ జామకాయల్లాంటి ఫీజోవా పళ్ళ కాలంలో కంచె మీంచి బకెట్ అందిస్తారు, మేము వాటితో పచ్చడి పెట్టి సీసా అందిస్తాం. ఆ రోజు సీసా ఇవ్వడానికి వెళ్తే, ఆయన టేబుల్ మీద చిల్లు నాణేలు విసురుతూ కనిపించారు. ఏమిటని అడిగాను. వాళ్ళ పాతకాలపు ప్రశ్న పద్ధతట. మనసులో ఒక ప్రశ్న పెట్టుకుని మూడు నాణేలు విసరాలి. పడిన బొమ్మా బొరుసులను బట్టి ఒక గీత గీయాలి, నిండు గీతో మధ్యలో తెగిన గీతో. అలా ఆరు గీతలు ఒకదానిమీదొకటి చేరితే ఒక గుర్తు. ప్రతి గుర్తుకూ ఒక పేరు, ఒక ఫలితం.

నాకు నేర్పమన్నాను. ఆయన ఎదురుగా కూర్చుని ఓపిగ్గా గీసి చూపించారు. ఫలితాలున్న ఇంగ్లీషు పుస్తకం కూడా చేతిలో పెట్టి, ఒక్క నియమం చెప్పారు.

"ఒకే ప్రశ్న రెండోసారి అడక్కూడదు. నచ్చేదాకా అడిగితే అది ప్రశ్న కాదు."

ఆదివారం మా ఆవిడ కూరగాయలకు వెళ్ళగానే, దేవుడి గూట్లో ఉన్న రూపాయి బిళ్ళలు తీశాను. ఈమెకు ఏమవుతుంది? అదే నా ప్రశ్న. చేతికి చెమట పట్టి బిళ్ళలు అంటుకుపోతున్నాయి. మొదట నిండు గీత పడింది. తర్వాత అన్నీ తెగిన గీతలే. ఆ గుర్తు పేరు 'రాలిపోవడం'. ఉన్నదంతా పొరపొరగా ఊడిపోయే కాలమట. కాగితం వైపు చూస్తే గోడలు కూలి కప్పొక్కటే మిగిలిన ఇల్లులా ఉంది. మళ్ళీ అడగడానికి లేదు.

తలుపు చప్పుడైంది. మా ఆవిడ సంచులతో లోపలికొచ్చి నా మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

"ఫోనొచ్చిందా?"

కాగితం చటుక్కున వెనక్కి దాచాను. హాస్పిటల్ వాళ్ళకు ఆమె నంబరుతో పాటు నాది కూడా ఇచ్చాం.

"మీకు చేశారా? అదేనా అండీ?" అంటూ బూట్లతోనే గుమ్మం దగ్గర కూలబడింది. "అయితే అదే అన్నమాట."

"లేదు, లేదు. ఎవరూ చెయ్యలేదు. నేను... నాణేలు వేసి చూశాను."

కొత్తిమీర కట్ట వచ్చి నా మొహానికి తగిలింది. "నాణేలా! నా ప్రాణం మీద బొమ్మా బొరుసూ వేస్తారా?" అని అరిచి, ఏడ్చేసింది. "నాకూ భయంగానే ఉందండీ. రోజూ మీ మొహం చూసి ధైర్యం తెచ్చుకుంటున్నా. అదే ఇలా పెట్టుకుంటే నేనెక్కడికి పోను?"

ఇన్నాళ్ళూ ఆమెకు భయం లేదనుకున్నాను. నా భయం దాచగలుగుతున్నాననీ అనుకున్నాను.

మర్నాడు కాగితం పట్టుకుని అంకుల్ దగ్గరికి పోయాను. ఆయన చూసి, "ఎటునుంచి మొదలుపెట్టావు?" అన్నారు.

"పైనుంచి. మీరు గీసినట్టే."

ఆయన నా కుర్చీ వైపూ తన కుర్చీ వైపూ చూసి తల పట్టుకున్నారు. ఆయన తన దగ్గర మొదలుపెట్టి పైకి గీసుకుంటూ పోయారు. ఎదురుగా కూర్చున్న నాకు అది పైనుంచి కిందికి వచ్చినట్టు కనిపించింది. మన రాతా పైనుంచే కదా, అనుమానం కూడా రాలేదు.

"కిందినుంచి పైకి, మొక్క పెరిగినట్టు," అంటూ కాగితం తిప్పారు. "దీని పేరు 'తిరిగి రావడం'. మంచిది."

పరుగెత్తుకొచ్చి చెప్పాను. మా ఆవిడ తాలింపు కలుపుతూ, "కాగితం తిప్పితే గడ్డ మారుతుందా?" అంది. నిజమే. చెడ్డ ఫలితాన్ని ఒక్క చూపులో నమ్మినవాణ్ణి, మంచిదాన్ని నమ్మలేకపోయాను. భయం అలాగే ఉంది.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. ఆమె వంటింట్లో పేరూ పుట్టినతేదీ చెప్పి, మా ఆయన వింటారని ఫోన్ నా చేతికిచ్చింది.

"మీరు వినండి. నేను మీ మొహం చూస్తా. ఈసారి నిజమే పెట్టండి."

నర్సు ముందు ఎలా ఉన్నారని అడిగింది. బాగున్నానన్నాను. మా ఆవిడ రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.

క్యాన్సర్ కాదన్న మాట నర్సు ఇంకా పూర్తిచెయ్యలేదు, మా ఆవిడ స్టవ్ కట్టేసి, నేలమీద కూర్చుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. నేను నవ్వానట. నాకు తెలియదు.