పేరు గీకేసిన చోటు

మా వదిన మా ఇంటికొచ్చి రెండేళ్ళు దాటినా, పెళ్ళికి ముందు బ్రేకుల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు ఏం పని చేసిందో మాకెవరికీ సరిగ్గా తెలియదు. అడిగితే "ఇన్‌స్పెక్షన్" అని ఒక్క ముక్క చెప్పి మాట మార్చేసేది. ఆ ముక్క పట్టుకుని ఏడిపించడం నాకు సరదా. కూరలో ఉప్పు చూడమన్నా, ఆరేసిన బట్టలు ఎండాయేమో చూడమన్నా "ఇన్‌స్పెక్షన్ మేడమ్ ఉండగా నేనెందుకు?" అనేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. ఆ నిమ్మళం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆడపడుచునన్న మాటే గానీ, ఆవిడతో ఒక్కసారైనా కడుపునిండా పోట్లాడలేకపోయాను.

మా అన్నయ్యది కార్ల రిపేరు షెడ్డు. దాని వెనక రెండు గదుల్లో మేముంటాం. సామాన్లు తెప్పించడం, ఫోన్లు మాట్లాడటం నా పని. ఏ చిన్న భాగం అడిగినా డీలరు "ఇరవై రోజులు" అంటాడు. విసిగిపోయి ఒకరోజు ఖాళీ పెట్టెల మీద చిన్నక్షరాలు చదువుతుంటే ఒక సంగతి తట్టింది. కారు కంపెనీ బ్రేకులు తను తయారు చెయ్యదు. వేరే ఫ్యాక్టరీ చేసిస్తే, తన పెట్టెలో పెట్టి డీలరుకిస్తుంది. అదే ఫ్యాక్టరీ అదే సరుకును సొంత పెట్టెలో పెట్టి ఎవరికైనా అమ్ముతుంది. మరి డీలరు గుమ్మంలో పడిగాపులెందుకు? నేరుగా ఫ్యాక్టరీ కౌంటరుకే ఫోను చేశాను. అది వదిన పనిచేసిన ఫ్యాక్టరీయే. ఆవిడని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. ఈ తెలివి నాదేనని అందరూ అనుకోవాలని అడగలేదు.

సరుకు వస్తుందన్న రోజు మధ్యాహ్నం మా షెడ్డులో జాకీల మీద ఉన్నది కొండమీది ఆసుపత్రి వ్యాను. దాని డ్రైవర్ని అందరూ హారనన్న అంటారు. ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుంది. రోజూ సాయంత్రం ఐదింటికి, డ్యూటీ దిగిన తొమ్మిదిమంది నర్సులను పద్నాలుగు మలుపుల దారిలో కిందికి తెస్తాడు. ఆ తొమ్మిదిమందిలో ఆయన భార్య కూడా ఉంది. వ్యాను ముందు చక్రాల కాలిపర్లు రెండూ పాడయ్యాయి. కాలిపరంటే, బ్రేకు తొక్కగానే చక్రంతో తిరిగే పళ్ళేన్ని కరుచుకుని ఆపే ఇనుప దవడ. ఒకదాన్నుంచి నూనె కారుతోంది. మూడురోజులుగా మూడుసార్లు తొక్కితే గానీ బండి ఆగడం లేదని హారనన్న నోరు జారాడు. అన్నయ్య వెంటనే తాళాలు లాక్కుని మేకుకు తగిలించేశాడు.

రెండు గంటలకు పార్సిల్ వచ్చింది. నేను నలుగురూ చూసేలా పెట్టె విప్పాను. హారనన్న కొత్త కాలిపరొకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కంపెనీ ముద్ర ఉండాల్సిన చోట బొటనవేలంత మేర ఎవరో గీకేశారు. అక్కడ ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"ఏంటిది చెల్లెమ్మా?"

"ఫ్యాక్టరీ నుంచి నేరుగా తెప్పించానన్నా."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. అసలు సరుకైతే పేరెందుకు గీకుతారు? దొంగదో, ఏ పాత బండిలోంచి పీకిందో!"

నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకునే మంచితనమూ లేదు. "పెట్టె మీద చూడు, ఎవరి పేరుందో" అని ఎగిరాను.

"పెట్టె తొక్కితే బండి ఆగుతుందా? మేస్త్రీ, నా పాతవే బిగించేయ్. కారితే కారాయి, అవి అసలువి. మెల్లగా పోనిస్తా."

అన్నయ్య చేతిలో పానా కిందపెట్టాడు. "మెల్లగా పోయేది ఎక్కేటప్పుడు. దిగేటప్పుడు బండి నీ మాట వినదు."

"నువ్వు బిగించకపోతే ఇంకొకడు బిగిస్తాడు. ఐదింటికి వాళ్ళంతా గేటు దగ్గర నిలబడి ఉంటారు." హారనన్న వెళ్ళి మేకుకున్న తాళాలు తీసేసుకున్నాడు. కారే బ్రేకుతో, తొమ్మిదిమందితో, ఈ మనిషి నిజంగానే ఆ కొండ దిగేలా ఉన్నాడు. దానికి కారణం నేను తెచ్చిన పెట్టె.

"అలాంటి పేర్లు గీకింది నేనేనండీ."

వెనక గుమ్మంలో వదిన నిలబడి ఉంది. మాటలు ఆచితూచి చెప్పింది. "దొంగతనం కాదు. కంపెనీకిచ్చేవాటికీ బయట అమ్మేవాటికీ ఒకటే అచ్చు. ముద్ర అచ్చులోనే ఉంటుంది. బయటికెళ్ళే సరుకు మీద అది ఉండకూడదని వాళ్ళ ఒప్పందం. అందుకని గ్రైండింగ్ బెంచి మీద చెరిపేస్తారు. తొమ్మిదేళ్ళు నేను నిలబడి చేసిందదే." తర్వాత నావైపు చూసింది. "ఇన్‌స్పెక్షన్ కాదు. పేర్లు చెరిపే పనని చెప్తే మీరంతా ఏమనుకుంటారోనని దాచాను."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళుగా నేను పొడిచినచోటే పొడిచానన్నమాట.

వదిన కాలిపర్ అందుకుని, గీకిన చోట కళ్ళు మూసుకుని బొటనవేలితో రాసింది. ఆ వేలి చివర అరిగి నున్నగా ఉంటుందని అప్పుడే గమనించాను. "ఇది మా బెంచిదే. గీతలన్నీ ఒకే వైపుకున్నాయి, అంచు దగ్గర ఇనుము లోతుకు పోలేదు. నిర్భయంగా బిగించుకోండి."

హారనన్న తాళాలు మళ్ళీ మేకుకు తగిలించాడు. నేను అప్పటికే గెలిచినట్టు పెట్టె మడతపెడుతున్నాను.

వదిన రెండోది తీసుకుంది. వేలు ముద్ర చోటు దాటి కిందికి జారి, ఒక మూల దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది.

"దీన్ని రెండు చోట్ల గీకారు" అంది.

"అయితే?" అన్నాను.

"ఈ మూల గీకడానికేం ఉండదమ్మా. ఇక్కడ పేరుండదు. పోత సరిగ్గా రాని వాటికి ఇక్కడ సూదిమొనంత గుంట కొడతారు, పనికిరాదని గుర్తు. అలాంటివి మళ్ళీ కొలిమికి పోవాలి. ఎవరో ఆ గుంట చెరిపారు."

నేను ఒంటికాలి మీద లేచాను. "అంటే నేను తెచ్చింది చెత్తా? మధ్యలో డీలరు లేడు, దళారీ లేడు, తయారుచేసినవాళ్ళే పంపారు! నీ గొప్ప చూపించుకోవడానికి నా పని పాడుచేస్తావా వదినా?"

"పేరు చెరిపితే ఫరవాలేదు" అంది వదిన, గొంతు పెంచకుండానే. "ఇక్కడ తప్పు చెరిపారు. బకెట్టుతో నీళ్ళు తే."

తెచ్చాను. అన్నయ్య ముందు మొదటిదాని రంధ్రాలన్నీ మూసి బిగించి, గాలి గొట్టం తగిలించి నీళ్ళలో ముంచాడు. గాలి కొద్దికొద్దిగా పెంచాడు. బుడగ లేదు. తీసి రెండోది ముంచాడు. నలుగురం బకెట్టు మీదికి వంగాం. నీళ్ళు తేటగా, కదలకుండా ఉన్నాయి. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఒక నిమిషం గడిచింది. ఏమీ లేదు. "చూశారా?" అనబోయి నోరు తెరిచాను.

ఇనుము పక్క నుంచి ఆవగింజంత బుడగ ఒకటి పైకొచ్చింది. కాసేపటికి ఇంకొకటి. బిగించిన చోట నుంచి కాదు, గట్టిగా ఉండాల్సిన గోడలోంచి.

బ్రేకు తొక్కితే నూనె ఒత్తిడి ఈ గాలికి ఎన్నో రెట్లుంటుందని అన్నయ్య నేలకేసి చూస్తూ చెప్పాడు. ఎన్నో మలుపు దాకా తట్టుకునేదో ఎవరూ అడగలేదు. హారనన్న ఫోను తీసి భార్యకు చేశాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"ఇవాళ దిగొద్దు. అందరికీ చెప్పు. వ్యాను రాదు." అవతలినుంచి తిట్లు మాకూ వినపడ్డాయి. పొద్దుట్నుంచీ నిలబడి డ్యూటీ చేస్తే, ఇప్పుడీ మాటా అని. "తిట్టు" అన్నాడు హారనన్న. "రేపు దిగాక కూడా తిట్టు."

మర్నాడు పొద్దున్నే ఆ కాలిపర్ని గుడ్డ సంచిలో ఒళ్ళో పెట్టుకుని వదిన బస్సెక్కింది. వెనకే నేనూ ఎక్కాను. క్షమించమని అడగలేక, ఆవిడ టిక్కెట్టు కూడా నేనే తీసుకున్నాను. రాత్రంతా ఆ బుడగే కళ్ళలో ఆడింది.

ఫ్యాక్టరీ కౌంటరులో మనిషి మేం చెప్పింది సగమే విని ఇంకో పెట్టె ముందుకు తోశాడు. "ఏదో ఒకటి అలా వస్తుంది. ఇది తీసుకెళ్ళండి."

వదిన దాన్ని ముట్టుకోలేదు. "ఆ అరలో ఉన్నవన్నీ దింపండి."

"అడగడానికి నువ్వెవరమ్మా?"

రెండేళ్ళు మా ఇంట్లో దాచుకున్న మాటను ఆవిడ ఆ హాలంతా వినపడేలా చెప్పింది. "మీ బెంచి మీద తొమ్మిదేళ్ళు పేర్లు గీకినదాన్ని. ఈ బ్రేకులున్న బండ్లు జనం ఎక్కుతారు. దింపండి."

లోపల మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. బెంచి దగ్గర నుంచి ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కౌంటరు మనిషి వాళ్ళని చూసి అన్నీ దింపాడు. రెండుచోట్ల గీకినవి ఇంకో నాలుగు దొరికాయి. ఆ పని ఎవరిదో ఇంకా తేలలేదంటున్నారు. తేలేదాకా నేను రోజూ ఫోను చేస్తూనే ఉంటాను, నా నోరు ఇందుకైనా పనికిరావాలి కదా. వదిన మిగిలిన మంచివాటిలోంచి ఒకటి వేలితో ఎంచి, అక్కడే నీళ్ళలో ముంచి చూపించమంది. వాళ్ళు చూపించాక సంచిలో వేసుకుంది.

అన్నయ్య రెండూ బిగించి పంపిన వ్యాను ఆ సాయంత్రం ఐదున్నరకు కొండ దిగి మా షెడ్డు ముందు ఆగింది. హారనన్న భార్య తలుపు విసురుగా తోసుకుని దిగింది. రెండురోజుల నిద్ర కళ్ళలో ఉంది. పోట్లాటకే వచ్చిందనుకున్నాను.

"ఆ పేర్లు గీకే ఆవిడెవరు?" అంది.

వదిన అలవాటుగా వెనక గుమ్మంలోకి ఒక అడుగు వేసింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాను.

"ఈవిడే. మా ఇన్‌స్పెక్షన్ మేడమ్."

వదిన చటుక్కున నా మొహంలోకి చూసింది, ఏడిపిస్తున్నానేమోనని. తర్వాత ఆ నర్సు వైపు తిరిగింది.

"అవునండీ" అంది. "నేనే."