యాదమ్మ బీపీ నా పేరు మీద

ఈ రోజు గచ్చిబౌలిలో ఒక కార్పొరేట్ ఆసుపత్రి పెద్దవాళ్ల కోసం పెట్టిన 'ఆరోగ్య సంబరాని'కి వెళ్లాను. గంటసేపు చప్పట్లు కొట్టించి, బలవంతంగా నవ్వించి, ఒత్తిడి తగ్గిందా అని మైకులో అడిగారు. నాకైతే పెరిగింది.

తర్వాత ఉచిత బీపీ పరీక్ష. మాకు కుర్చీలు వేసిన యాదమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"జర నాది గూడ చూడు బిడ్డా, పొద్దుగాల నుంచి కండ్లు తిరుగుతున్నయ్" అంది.

"యాప్‌లో రిజిస్టర్ అయినవాళ్లకే ఆంటీ" అంది బల్ల దగ్గరి అమ్మాయి.

నా వంతులో యాదమ్మను కూర్చోబెట్టాను. ఎంతుందో చెప్పలేదు, రిపోర్టు యాప్‌లో వస్తుందట.

ఇంటికి చేరేలోపే ఫోన్. "సార్, మీ బీపీ చాలా ఎక్కువుంది. అంబులెన్స్ పంపమంటారా?"

"అది నాది కాదమ్మా, మీ హాల్లో కుర్చీలు మడుస్తున్న యాదమ్మది. ఆమెను చూడండి."

"ఓ, కాంట్రాక్ట్ స్టాఫా? అయితే మీ రికార్డు సరిచేస్తాం సార్. మీకేం భయం లేదు."

వెనక్కి వెళ్లి, యాదమ్మను ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకొచ్చాను. ఇక్కడ యాప్ అడగలేదు, మంచం ఇచ్చారు. ఆమె పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను.

వచ్చే వారం అక్కడ ధ్యాన శిబిరమట. మీలో ఎవరైనా వెళితే, కళ్లు మూసుకునే ముందు కుర్చీలు ఎవరు వేశారో చూసి నాకు చెప్పండి.