రాహేలమ్మ చూసిన ఖాళీ సీసాలు

రాహేలమ్మ గురించి చెప్పమంటే ఆమె నోటి దగ్గరే మొదలుపెట్టాలి. నేను కల్లూరులో షేర్ ఆటో తోలుతాను. చిల్లర లేదనే ప్యాసింజర్లతో గొడవ పడ్డాను, ట్రాఫిక్ వాళ్ళతో పడ్డాను, నా కోపానికి ఇంట్లో పిల్లలు కూడా నా ముందు గట్టిగా నవ్వరు. అలాంటి నన్ను ఆమె ఒకసారి నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేసింది. నేను చేసిన నేరమల్లా, మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డ లేకుండా ఆటో తుడుచుకోవడమే.

"ఏమప్పా వలి సాహెబూ, నీకు పెండ్లాం బిడ్డలు ల్యారా? ఈ ఎండకు నువ్వు పడిపోతే నీ ఆటో వచ్చి మోస్తాదా?" అంది.

నాలుగు మాటలు తిరిగి అనబోయాను. ఆమె చేతిలో మజ్జిగ చెంబు ఉంది. తిట్టి మరీ తాగించే మనిషితో ఎవరు మాత్రం పోట్లాడతారు? తాగి ఊరుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, రాహేలమ్మ విషయంలో ఆ సామెత పనికిరాదు. నోరు గయ్యాళిదే, మనసు మాత్రం వెన్న.

వాళ్ళది కోడుమూరు దగ్గర పల్లె. ఆమె పావడాలు కట్టే వయసులోనే తల్లి చనిపోతే, చెల్లెలు ప్రేమజ్యోతిని చంకన వేసుకుని పెంచింది. అన్నం తినిపించిందీ ఆమే, బడికి తోలిందీ ఆమే, పెళ్ళి చేసిందీ ఆమే. వానలు వరసగా ఎగ్గొట్టి వేరుశెనగ చేలు ఎండిపోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ కల్లూరు వచ్చి కొత్త ఇళ్ళ పనుల్లో కూలికి చేరారు. కల్లూరులో అప్పుడు చేలన్నీ ప్లాట్లవుతున్నాయి, ఏ వీధిలో చూసినా ఇటుకలూ ఇసుకా. పనికి కొదవ లేదు, నీడకే కొదవ.

ఆ రోజుల్లోనే ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఇక్కడ వాతావరణ సేవ మొదలుపెట్టారు. వానాకాలంలో ఇంకుడు గుంతలు తవ్వడం, మొక్కలు నాటడం. ఎండాకాలంలో పనిచోట్లకు తిరిగి కూలీలకు నీళ్ళివ్వడం, మధ్యాహ్నం ఎండ ముదిరితే పని ఆపించడం. మేం దాన్ని 'ఎండ డ్యూటీ' అంటాం. ఏటా మార్చిలో కొత్తవాళ్ళను తీసుకుంటారు. దాన్ని నడిపే వసంతకుమార్ మొదట చేర్చుకున్నవాళ్ళలో రాహేలమ్మ ఒకతె. కూలిపని మాని ఆమె ఇందులో చేరింది. ప్రేమజ్యోతి మాత్రం మేస్త్రీ ఓబుళేశు దగ్గర సిమెంటు మాల్ అందించే పనిలోనే ఉండిపోయింది.

రాహేలమ్మ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున ప్రతి కూలీకి ఒక సీసా నిండా నీళ్ళిస్తుంది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఆ సీసా ఖాళీగా చూపించాలి. చూపించనివాడి పని అయిపోయినట్టే. వాడి తాతముత్తాతల దాకా పోతుంది ఆమె. మగకూలీలు సైతం ఆమె డ్యూటీ టోపీ దూరంగా కనిపించగానే గబగబా తాగేసేవాళ్ళు. వేరేచోట్ల నీళ్ళు మిగిలిపోతుంటే ఈమె తిరిగే వీధుల్లో ఒక్క సీసాలో చుక్క ఉండేది కాదు. వసంతకుమార్ మురిసిపోయి, ఇక నుంచి కొత్తవాళ్ళకు పని నేర్పే బాధ్యత నీదేనన్నాడు. చర్చి హాల్లో వాళ్ళను వరసగా కూర్చోబెట్టి ఆమె చెప్పే మొదటి మాట ఒకటే.

"మనిషి మాట నమ్మొద్దండి. తాగినాం అంటారు, ఉత్తదే. సీసా చూడండి."

కొత్తవాళ్ళను ఆటోలో తిప్పేది నేనే గనక ఈ పాఠం నాకూ కంఠతా వచ్చింది. ఆమె గర్వపడేది. గర్వపడాల్సిన పనే కదా అని నేనూ అనుకునేవాణ్ణి.

ఒక మే నెలలో ప్రేమజ్యోతి ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతూ కూలిపోయింది. నా ఆటోలోనే ఆసుపత్రికి తీసుకుపోయాం. పరీక్షలన్నీ చేసి డాక్టరు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నాడు. ఏళ్ళ తరబడి ఎండలో సరిగా నీళ్ళు తాగలేదు, ఆపైన ఒళ్ళునొప్పులకని మాత్రలు మింగింది, రెండూ కలిసి ఇంతదాకా తెచ్చాయన్నాడు. రాహేలమ్మ ఆయన మీదికి లేచింది.

"నీళ్ళు తాగల్యా అంటారేంది సార్? రోజూ నా కండ్లతో ఖాళీ సీసా చూస్తాండా. నాకు తెల్దా?"

ఆ డాక్టరు మంచివాడు. మందుల చీటీ రాసిచ్చాడు. సంగతి చెప్పింది మేస్త్రీ ఓబుళేశు. వరండాలో తల దించుకుని నిలబడి చెప్పాడు.

"గోడకు పోస్తాండె రాహేలమ్మా. కట్టిన గోడకు నీళ్ళు కొట్టల్ల గదా, ఆ పని జేస్తాండాదిలే అనుకొంటి. ఆమె ఒక్కతే గాదు. ఆడోళ్ళు శానామంది అంతే."

ఎందుకో నాకు అర్థం కాలేదు, మగవాణ్ణి కదా. రాహేలమ్మకు వెంటనే అర్థమైంది. అంతకుముందు అక్కడ కంపచెట్లుండేవి, ఆడవాళ్ళు వాటి మరుగుకు పోయేవాళ్ళు. ప్లాట్ల కోసం వాటిని పెకలించేశారు. నాలుగు దిక్కులా మేడలు, ప్రతి మేడ మీదా మగవాళ్ళు. నీళ్ళు తాగితే యాడికి పోవాల? తాగకపోతే అక్క వచ్చి తిడుతుంది. అందుకని గోడకు పోశారు. రాహేలమ్మ ఏళ్ళ తరబడి లెక్కపెట్టిన ఖాళీ సీసాలు గోడలు తాగినవి.

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. బిల్డర్లతో కొట్లాడి పనిచోట్ల తడికలు కట్టించింది, పాత చీరలు తెచ్చి తానే మరుగు కట్టింది. కొత్తవాళ్ళకు చెప్పే పాఠం మార్చేసింది. సీసా చూడొద్దండి, ఆడోళ్ళు యాడికి పోతారో ముందు చూడండి, అని చెప్పేది. చెల్లెలి కథ కూడా ఏటా చెప్పేది. ప్లాట్లు వేసినవాళ్ళను తిట్టేది, మేస్త్రీలను తిట్టేది, ఎండను తిట్టేది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ నా ఆటోలో ఒక్కతే ఉన్నప్పుడు ఆమె గొంతు వేరుగా ఉండేది.

"అది నాకు ఒక్క మాట చెప్పుంటే అయిపోయుండు గదన్నా. ఎందుకు చెప్పలేదే అంటే నగుతాది. ఎన్నిసార్లడిగినా నగి ఊరుకుంటాది."

అత్తింటివాళ్ళు ప్రేమజ్యోతిని తెచ్చి అక్క ఇంట్లో వదిలిపెట్టారు. వారానికి రెండుసార్లు డయాలసిస్. తీసుకుపోయేదీ తెచ్చేదీ నేనే. అక్కడ డాక్టర్లు పెట్టిన కట్టడి ఏమిటో తెలుసా? నీళ్ళు తాగకూడదు. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు, ఒంట్లో చేరి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. రోజుకు చిన్న గ్లాసుతో కొలిచి కొన్నే ఇవ్వాలి, పప్పులో చారులో ఉండే నీళ్ళు కూడా లెక్కే. తోబా, ఇదేం శిక్ష అనుకున్నాను నేను. కల్లూరంతటికీ నీళ్ళు పోసే మనిషి ఇంటికొచ్చి నీళ్ళకుండ గదికి తాళం వేసుకోవాలి. మంచం మీద చెల్లెలు నాలుక పిడచకట్టుకుపోయి 'అక్కా, ఒక్క గుక్క' అని అడుగుతుంటే, ఈమె 'సాయంత్రందాకా ల్యా' అని గదమాయించాలి. గదమాయించి వాకిట్లోకొచ్చి కూర్చునేది.

ఈ మార్చిలో కొత్తగా చేరినవాళ్ళలో మా అన్న కూతురు గౌసియా ఉంది. ఇంటర్ అయ్యాక ఖాళీగా ఉంటే నేనే చేర్పించాను. శిక్షణ మొదటి రోజు పొద్దున వాళ్ళందరికీ టోపీలు, సీసాలు ఇచ్చారు. ఉగ్గాని టిఫిన్ తిన్నాక రాహేలమ్మ చర్చి హాల్లో నిలబడి మాట్లాడింది. నేను గుమ్మం దగ్గర కూర్చుని విన్నాను.

"ఎవురన్నా నీళ్ళడిగితే ఎందుకని అడగొద్దండి. మన పక్క మనిషి నోరు తెరిచి నీళ్ళడిగినాడంటే, ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకున్నాంకనే అడిగినాడని లెక్క. మాట్లాడకుండా పొయ్యండి. అంతే మన డ్యూటీ."

మధ్యాహ్నం భోజనం ఆమె ఇంట్లోనే. ఏటా అదే ఆనవాయితీ. జొన్నరొట్టెలు, పుండికూర పప్పు. నేను అందరినీ ఆటోలో దించాను. రాహేలమ్మ వాకిట్లో పొయ్యి దగ్గర రొట్టెలు తడుతోంది. గౌసియా చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది. పోయిన మనిషి చాలాసేపటికి గానీ రాలేదు. వస్తూనే ఖాళీ సీసా నాకు చూపించి నవ్వింది.

"చిచ్చా, నా మొదటి డ్యూటీ అయిపోయె. లోపల మంచం మీదుండే అక్క నీళ్ళడిగె. నా సీసా అంతా తాగె. ఇంకా కావాలంటే మన భోజనాలకని తెచ్చిన క్యాన్ లోంచి పట్టిచ్చినా, అదీ తాగె. పాపం, ఎంత దాహమో."

రాహేలమ్మ చెయ్యి పిండి మీద ఆగిపోయింది. పొయ్యి మీద రొట్టె మాడుతున్నా చూడకుండా లోపలికి పరుగెత్తింది. నేనూ వెనకే పోయాను. ప్రేమజ్యోతి గోడకు ఆనుకుని కూర్చుని పైటతో మూతి తుడుచుకుంటోంది.

"ఏమే, నీళ్ళు తాగితివా?"

"లేదక్కా," అంది ప్రేమజ్యోతి.

పైట ముందంతా తడిగా ఉంది. రాహేలమ్మ వెనక్కి తిరిగి గౌసియా వైపు చూసింది. ఇప్పుడీ పిల్లను నిలువునా చీల్చేస్తుంది, పిల్ల రేపటి నుంచి రాదు అనుకున్నాను. రాహేలమ్మ నోరు తెరిచింది. ప్రేమజ్యోతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ పాపను ఏమనొద్దు. ఆ పాపకేం తెలుసు?"

రాహేలమ్మ నోరు మూసుకుంది. చెప్పకపోవడం తన తప్పేనని ఆమెకు తెలుసు. పొద్దున్నుంచీ అన్నీ చెప్పింది, ఇంట్లో ఉన్న మనిషి గురించి ఒక్క మాట చెప్పలేదు. చెల్లెలి కథ రెండో రోజు చెప్పడం ఆమెకు అలవాటు.

పొద్దు వాలేలోపే ప్రేమజ్యోతికి ఆయాసం పట్టుకుంది. పడుకోలేకపోయింది, కూర్చోలేకపోయింది. డయాలసిస్ రోజు కాకపోయినా తీసుకొచ్చేయమన్నారు ఆసుపత్రివాళ్ళు. వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళు, నా పక్కన ఏడుస్తూ గౌసియా. గతుకుల్లో ఎంత మెల్లగా తోలినా ప్రేమజ్యోతి మూలుగుతూనే ఉంది. వంతెన దాటాక ఆమె ఆగి ఆగి మాట్లాడింది.

"పాపా, ఏడవద్దు. కడుపు నిండా నీళ్ళు తాగి ఎన్నేండ్లాయనో. శానా బాగుండినాయి."

గౌసియా ఇంకా గట్టిగా ఏడ్చింది. రాహేలమ్మ మాత్రం తిట్టలేదు. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"తాగితే తాగితివి. నాతో అబద్ధమెందుకు చెప్తివే? అప్పుడూ అబద్ధమే, ఇప్పుడూ అబద్ధమే. నేను నీకేం తక్కువ జేస్తినే?"

"ఏం తక్కువ జేయలేదక్కా," అంది ప్రేమజ్యోతి. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "నీకు నిజం చెప్పాలంటే నాకు భయం. చిన్నప్పట్నుంచీ అంతే."

ఆసుపత్రి గుమ్మం దాకా ఆటో తోలాను. చక్రాల కుర్చీలో ఆమెను లోపలికి తీసుకుపోయారు. మిషను పెట్టి నీళ్ళు లాగుతాం, ప్రాణానికేం భయం లేదు అని నర్సు చెప్పి తలుపు వేసుకుంది. రాహేలమ్మ ఆ తలుపునే చూస్తూ నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కాసేపటికి నన్ను అడిగింది.

"వలీ అన్నా, ఆ పొద్దు అది నా దగ్గరికొచ్చి, అక్కా, ఈడ మరుగు ల్యా, నేను నీళ్ళు తాగలేను అని చెప్పుంటే, నేనేం జేసుంటాను?"

ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని నోటిదాకా వచ్చింది. తడికె కట్టించి ఉంటావు, చీర అడ్డం కట్టి ఉంటావు అనొచ్చు. కానీ ఆమె నా మొహంలోకి చూస్తోంది. నాకు అబద్ధం రాలేదు.

"తిట్టుంటావు రాహేలమ్మా," అన్నాను.

"ఔ. అది తాగేదాకా ఆడ్నే నిలబడి తిట్టుంటా." ఆమె మళ్ళీ ఆ తలుపు వైపు తిరిగింది. "తల్లి ల్యాని పిల్లని తల్లి మాదిరి పెంచినానని ఊరంతా చెప్పుకుంటి. దానికి అమ్మ ఎట్లా ల్యా అన్నా. నా నోటితో అక్క కూడా ల్యాకుండా జేస్తి."