శుక్రవారం మిస్డ్ కాల్

మా సారు పోయారని మంగళవారం పొద్దున వాళ్లింటి అమ్మగారు ఫోన్ చేసి చెప్పారు. "మీ సారు ఇంగ లేడప్పా" అన్నారు, అంతే. అనంతపురంలో నాకు పరిశోధన నేర్పిన మనిషి ఆయన. నాకు ఏడుపు రాలేదు. ఇక నా మొహం చూసి నా తప్పు గుర్తుచేసుకునేవాళ్లు లేరని ఊపిరి పీల్చుకున్నాను. అంత నీచుణ్ణి.

సెల్‌ఫోన్ మన గుట్టు ఎవరెవరికి చెప్తుందో కనిపెట్టడమే సారు పని. సిగ్నల్ కొలిచే పెట్టె, లాప్‌టాప్ పట్టుకుని, ఎండిన శెనక్కాయ చేలల్లో టవర్ల వివరాలు రాసుకుంటూ తిరిగేవాళ్లం. తలకు తడి తువ్వాలు, జేబులో వేయించిన కాయలు. "సిగ్నల్ పెంచేకొచ్చినారా సారూ?" అని రైతులు అడిగేవారు. "లేదప్పా, మీ ఫోను చాడీలు తగ్గించేకి" అనేవారు సారు.

ఒక గురువారం టీ తాగుతూ మా ఊరి ముచ్చట ఒకటి తమాషాగా చెప్పాను. మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. పక్కింటి పిల్ల ఇంట్లో కుదిర్చిన సంబంధం వద్దని, నచ్చినవాడితో వెళ్లిపోయింది. వాళ్ల నాయన వెతుకుతున్నాడు. బతికే ఉన్నానని తెలపడానికి ఆ పిల్ల ప్రతి శుక్రవారం తల్లికి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. తల్లి ఎత్తదు, నంబరు చెరిపేస్తుంది. ఎత్తని కాల్‌కు ఆనవాలుండదని వాళ్ల నమ్మకం. ఈ సంగతి ఆ తల్లే మా అమ్మతో చెప్పుకుంది.

సారు గ్లాసు కింద పెట్టేశారు.

"ఫోన్లో చెరిపినా కంపెనీ కాడ చెరగదప్పా. వాళ్ల నాయనకు లోపల తెలిసినోడు ఒకడుంటే సాలు, ఏ టవరు కింద ఉండాదో తెలిసిపోతాది. ఈ పొద్దే పో. రేపు కాల్ వస్తే ఎత్తి, బిడ్డను ఆ ఊరు ఇడిసి పొమ్మని సెప్పమను."

సరేనన్నాను. ముదిగుబ్బ బస్సు మాత్రం ఎక్కలేదు. కళ్యాణదుర్గంలో స్నేహితుని పెండ్లి ఉంటే అక్కడికి పోయాను. రెండు రోజులు తిని, పేకాడి, ఆదివారం మా ఊరు చేరాను. శనివారమే వాళ్ల నాయన జీపులో పోయి పిల్లను ఈడ్చుకొచ్చాడు. ఆ అబ్బాయి మోకాళ్లు విరగ్గొట్టి అక్కడే పడేశారు. వారం తిరక్కుండా పిల్లకు పాత సంబంధమే చేశారు.

"నేను ఎత్తనే లేదు గదప్పా, ఎట్ల తెల్సె?" అని ఆ ఆదివారం తల్లి నన్నే అడిగింది.

సోమవారం సారుకు నిజం చెప్పాను. తిట్టలేదు. "పెండ్లి భోజనం బాగుండెనా?" అని అడిగారు. ఆ రోజు నుంచి నన్ను "మీరు" అన్నారు. నా పరిశోధన దగ్గరుండి పూర్తి చేయించారు, ఉద్యోగానికి ఉత్తరం రాసిచ్చారు. నా పెళ్లికొచ్చి అక్షింతలు వేసి, తినకుండా వెళ్లిపోయారు. నేను ఈ రోజు తింటున్న తిండి ఆయన పెట్టిందే. కానీ మళ్లీ ఒక్కసారి కూడా "ఏమప్పా" అనలేదు. చెప్పుతో కొట్టినా బాగుండేది.

సారు పోయారని విన్న మర్నాడు, బుధవారం, ఆయన ఇంటి ముందు ఆ పిల్ల కనిపించింది. లోపలికి రాలేదు, దండం పెట్టలేదు. నీళ్లడిగితే చెంబుతో ఇచ్చాను.

"ఈ సారు అప్పట్లో మా ఇంటికొచ్చి మా అమ్మ కాళ్లు పట్టుకున్యాడన్నా. గురువారమే మనిషిని పంపాల్సింది మర్సిపోతినమ్మా, ఆదివారం గుర్తొచ్చి పంపితిని అన్యాడు. నా బతుకు ఈయప్పకు మర్సిపోయే సంగతా?" తాగి నోరు తుడుచుకుంది. "నువ్వు మంచోడివన్నా. ఈయప్ప సెప్పిన ఎంటనే పరిగెత్తుకోనొచ్చినావు."

ఇంకొన్ని నీళ్లు కావాలా అని అడిగాను.

ఆమె చెంబు నా చేతికిచ్చి, సారు గడప ముందు ఉమ్మి, షేర్ ఆటో ఎక్కింది. అమ్మగారు బయటికి రాకముందే నేను దాన్ని కాలితో మట్టి తోసి కప్పేశాను.