ఇంజిన్ ఆపకుండా పంజాగుట్ట దాకా

ఈ పాత కారంటే నాకు నిజంగా ఇష్టమా, లేక కొత్తది కొనే ధైర్యం లేక దానికి ఇష్టమని పేరు పెట్టుకున్నానా? కొన్నేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. మా తెల్ల కారుకు పదిహేడేళ్ళు. మా చేతికి వచ్చేనాటికే ఇద్దరి చేతులు మారింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన ఏడాదికే పిల్లలు వాయిదాల మీద కొత్త బండ్లు తీసుకుంటున్న కాలం ఇది. నేను మాత్రం నా బండిని సోమాజిగూడలోని ఆఫీసుకు రెండు వీధుల అవతల ఆపి నడిచి వెళ్తాను. ఎవరైనా అడిగితే నడక ఒంటికి మంచిదంటాను.

పోయిన నెల బండి పొగ కక్కడం మొదలుపెడితే ఇంజిన్‌ను విప్పి కొత్త పిస్టన్లు బిగించే బోరింగ్ పనికి ఇచ్చాను. పద్దెనిమిది వేలు. సరిగ్గా అదే వారం పంజాగుట్టలో ఒక షోరూమ్‌వాళ్ళు, నడిచే స్థితిలో ఉన్న పాత బండి ఇస్తే ఇరవై వేలు తగ్గించి కొత్తది ఇస్తామని ప్రకటించారు. శనివారమే ఆఖరు. "బాగైన బండిని నేరుగా అక్కడికి తీసుకెళ్ళి ఇచ్చేసిరా" అన్నారు మావారు. సరేనన్నాను. విజయవాడ నుంచి వచ్చి ఉన్న మా పిన్నికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

శనివారం తొమ్మిదింటికి పిన్నీ నేనూ మధురానగర్‌లో షేర్ ఆటో ఎక్కాం. అమీర్‌పేటకు మనిషికి పదిహేను రూపాయలు. జావా, టెస్టింగ్ కోచింగ్ బోర్డుల కింద పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ గుంపుల్ని తప్పించుకుంటూ వెనక సందులోని మెకానిక్ ఖలీల్ భాయ్ షెడ్డుకు చేరాం. ఆయన తాళం చేతిలో పెడుతూ, "మేడమ్, ఇంజిన్ మస్తు టైట్ ఉంటది. నలభై దాటొద్దు. గరమ్ అయినంక బంద్ చేసిన్రనుకో, మళ్ళ లేవదు. తోపియ్యాలె. నెలదాకా గంతే, ఫికర్ చెయ్యొద్దు" అన్నాడు.

పిన్నికి ఇందులో ఒక్క ముక్కే వినిపించింది. "ఇంజిన్ కొత్తదైతే బండి కొత్తదైనట్టే కదే. ముందు గుడికి పోనీ, పూజ చేయిద్దాం."

వద్దనడానికి నా దగ్గర చెప్పగలిగిన కారణం లేదు. బల్కంపేట గుడి అక్కడికి దగ్గరే. గుడి ముందు వాహన పూజకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. అన్నిటికీ సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. వాటి మధ్య మాది. నూట ఒక్క రూపాయి టికెట్టు, కొబ్బరికాయ, నిమ్మకాయలు కొన్నాం. పూజారి గారు బానెట్ తెరవమని, "బండి ఆపెయ్యండమ్మా, హారతివ్వాలి" అన్నారు. దేవుడి పని కదా అని మారుమాట లేకుండా ఆపేశాను. ఖలీల్ భాయ్ మాట అప్పుడు గుర్తుకే రాలేదు. చేతిలో పళ్ళెంతో ఎవరికీ కనబడని చోటు చూసుకుని నిలబడ్డాను.

"మేడమ్! మీరు సుత కొత్త బండి తీస్కున్నరా? చెప్పనే లేదు! పార్టీ ఏది?"

మా ఆఫీసులో నా కిందే పనిచేసే స్రవంతి. వెనక వాళ్ళ నాన్న, వాళ్ళ ఎర్ర కారు. నేను నవ్వాను. అవుననలేదు, కాదనలేదు. ఆ అమ్మాయి చూపు వరసలోని మెరిసే బండ్ల మీద తిరుగుతోంది, నాది ఏదై ఉంటుందా అని.

అంతలో పూజారి గారు కేకేశారు. "ఈ తెల్ల బండి ఎవరిదమ్మా? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, ఎక్కించండి!"

నేను కదల్లేదు. పిన్ని మాత్రం, "మా అమ్మాయిదేనండీ! అదిగో, అక్కడ నిలబడింది. రావేం?" అంది అందరికీ వినబడేలా.

వెళ్ళి కూర్చుని తాళం తిప్పాను. ఇంజిన్ మూలిగింది, లేవలేదు. మళ్ళీ తిప్పాను. వెనక హారన్లు. "అక్కా, జర జల్ది! నిమ్మకాయలు ఎండిపోతయ్!" అని ఎవరో అంటే పక్కవాళ్ళు నవ్వారు. అద్దంలో చూస్తే స్రవంతి చున్నీ నడుముకు బిగించి, వాళ్ళ నాన్నతో కలిసి నా బండి వెనక చేతులానించి ఉంది. వాళ్ళు తోస్తుంటే నిమ్మకాయలు చితికాయి. క్లచ్ వదిలాను, ఇంజిన్ అందుకుంది. "బంద్ చెయ్యకండి మేడమ్, గట్లనే పోండి!" అని స్రవంతి అరిచింది. పోయాను. థాంక్స్ కూడా చెప్పలేదు. పిన్ని కొబ్బరి చిప్పలు పట్టుకుని మలుపు దాకా నడిచొచ్చి ఎక్కింది.

అమీర్‌పేట దాటేదాకా పిన్ని కొబ్బరి చిప్పలు ఒళ్ళో సర్దుకుంటూ కూర్చుంది. తర్వాత, "ఆ పిల్ల అడిగినప్పుడు ఇదే నా బండి అని ఎందుకు చెప్పలేదే?" అంది.

"సిగ్గేసింది పిన్నీ."

"అంత సిగ్గయితే దీనికి పద్దెనిమిది వేలు ఎందుకు తగలేశావు?"

 నలభై దాటకుండా ఎడమ పక్కనే నడుపుతుంటే బస్సులూ ఆటోలూ తిట్టుకుంటూ దాటిపోయాయి. పన్నెండు దాటాక పంజాగుట్ట షోరూమ్ ఆవరణలోకి మళ్ళించాను. "ఇక్కడికెందుకు? పూజ చేయించిన రోజే అమ్ముతావా?" అంది పిన్ని, గేటు మీది పాత బండ్ల మార్పిడి బోర్డు చదివి. ఈలోగా సేల్స్ కుర్రాడు వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఇరవై ఖాయం మేడమ్. డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ తీసేసుకుని ఇంజిన్ ఆపెయ్యండి. మావాళ్ళు వెనక్కి తోసుకెళ్తారు."

తాళం మీద చెయ్యి వేశాను. ఆపితే ఇక లేవదు. కొత్త కార్ల మధ్య నుంచి దాన్ని తోసుకుపోతుంటే నేను చూస్తూ నిలబడాలి. చెయ్యి తీసేసి, రివర్స్ గేరు వేసి వచ్చేశాను.

ఇంట్లో మావారు కోపంగా ఉన్నారు, అందులో న్యాయం ఉంది. సోమవారం ఆఫీసులో స్రవంతి, "బండి ఎట్లుంది మేడమ్?" అని మామూలుగానే అడిగింది. బాగుందన్నాను, ఆమె మొహం చూడకుండా. ఇంట్లో దాన్ని ముద్దుగా తుడుచుకుని వీధిలో నాది కాదన్నట్టు నిలబడే మనిషిది ఏం ఇష్టం అనిపిస్తుంది. పాత బండికి ఇంజిన్ పని చేయించాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: షెడ్డుకు వెళ్ళకముందే మార్పిడికి ఎంతిస్తారో కనుక్కోండి. ఆ తర్వాత మనసు చెప్పింది వినొచ్చు. నా మనసు ఏం చెప్పిందో మాత్రం నాకు తెలియదు. ఆ రోజు ఇంజిన్ ఆపనిది దాన్ని వదులుకోలేకనో, నలుగురి ముందు మళ్ళీ తోయించుకోలేకనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.